ఎవరు గెలిచారో తెలియకుండా ఆగిపోయిన కథ: పాఠశాల విద్యాధికారులకు ఒక ప్రాథమిక ఉపాధ్యాయిని బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాధికారులకు, ప్రాథమిక తరగతుల పాఠ్యప్రణాళికను రూపొందించే నిపుణులకు, ఓటరు చైతన్య కార్యక్రమాలను నిర్వహించే ఎన్నికల అధికారులకు,

నమస్కారాలు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక గ్రామంలో, ప్రాథమిక పాఠశాలలో నేను సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేస్తున్నాను. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఎన్నికలంటే ఏమిటో ఒక పిల్లల నవల ద్వారా నేర్పుతుండగా, 2025 నవంబరు చివరి వారంలో ఆ పఠనాన్ని ఆపివేయమని నాకు నోటిమాటగా ఆదేశం అందింది. పంచాయతీ ఎన్నికల కోడ్ అమలులో ఉందన్నదే చెప్పిన కారణం. డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పోలింగు పూర్తయింది, కోడ్ ముగిసింది, కొత్త సర్పంచులు బాధ్యతలు స్వీకరించారు. పఠనాన్ని తిరిగి మొదలుపెట్టడానికి అనుమతి కోరుతూ నేను డిసెంబరు చివర ఒకటి, సంక్రాంతి సెలవుల తరువాత ఒకటి చొప్పున రెండు వినతిపత్రాలు ఇచ్చాను. వాటికి అవునని గానీ కాదని గానీ జవాబు రాలేదు. అందుకే ఈ లేఖను అందరి ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఆ నవల సంగతి చెప్పాలి. అది బజారులో దొరికే పుస్తకం కాదు. రెండు వేసవి సెలవుల్లో నేనే రాసి, జిరాక్సు తీయించి, దారంతో కుట్టిన పన్నెండు అధ్యాయాల కథ. ఒక బడిలో పుస్తకాల బీరువా ఉంటుంది, దాని తాళంచెవి ఎప్పుడూ హెడ్మాస్టరు గారి జేబులోనే ఉంటుంది. ఆ తాళాన్ని పిల్లల్లో ఒకరికి అప్పగిద్దామని, అది ఎవరికన్నది పిల్లలే తేల్చుకోవాలని ఆయన ఒకరోజు ప్రార్థనలో ప్రకటిస్తారు. తాళం చేతిలో ఉన్నవారే బీరువా ఏ రోజు తెరవాలో, ఏ పుస్తకం ఎవరు ఇంటికి తీసుకుపోవచ్చో నిర్ణయిస్తారు. రైసుమిల్లు యజమాని కొడుకు శివుడు, గొర్లు కాసే ఇంటి పిల్ల యాదమ్మ, సైకిల్ పంక్చర్ల దుకాణం వారి రఫీ పోటీకి నిలబడతారు. గాలిపటం, గొడుగు, చెంబు వాళ్ల గుర్తులు. హెడ్మాస్టరు గారు హాజరు పట్టీ చూసి ఓటర్ల జాబితా రాస్తారు. ఇటుక బట్టీలో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబంలోని చిట్టి రోజూ బడి గడపలో కూర్చుని పాఠాలు వింటున్నా, పట్టీలో పేరు లేదు కాబట్టి జాబితాలోకి ఎక్కదు. తొమ్మిదో అధ్యాయంలో ఒకరు ఓటర్లందరికీ పల్లీపట్టీలు పంచుతారు. పదో అధ్యాయంలో పోలింగు, పదకొండులో లెక్కింపు.

మా బడిలో పఠనం తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగింది.

మంగళ, శుక్రవారాల్లో చివరి పీరియడ్‌లో ఈ పని జరిగేది. ముందు నేను బిగ్గరగా చదివేదాన్ని, తరువాత పిల్లలు పాత్రలు పంచుకుని సంభాషణలు చదివేవారు. నామినేషన్, పరిశీలన, ఉపసంహరణ, ఏకగ్రీవం, చెల్లని ఓటు వంటి మాటలు పెద్దల నోట విన్నవే అయినా వాటి అర్థం వాళ్లకు కథలో దొరికింది. అరవై ఓట్లలో ముగ్గురికి ఎన్నెన్ని వస్తే ఎవరు గెలుస్తారో, సగం మంది ఇష్టం లేకుండానే ఒకరు గెలవడం ఎలా సాధ్యమో తేల్చడానికి వాళ్లు లెక్కల నోటుపుస్తకాలను వాళ్లంతట వాళ్లే తీశారు. రెండో తరగతి వాచకం కూడా తడబడుతూ చదివే ఐదో తరగతి పిల్లవాడు ఒకడు, నాలుగో అధ్యాయాన్ని వాళ్ల నాయనమ్మకు చదివి వినిపించాలని ఇంటికి అడిగి తీసుకువెళ్లాడు. ఆమెకు చదువు రాదు, ఎన్నో ఎన్నికలుగా గుర్తు చూసే ఓటు వేస్తున్నది. గుర్తులు ఎందుకు పెట్టారని మనవడు అడిగితే ఆమె చెప్పిన జవాబును వాడు మరునాడు క్లాసుకు మోసుకొచ్చాడు. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో ఓటర్లలో అత్యధికులకు అక్షరాలు రావని, అందుకే గుర్తులు పెట్టారని, ఆనాడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె విడిగా ఉంచారని నేను దానికి కలిపి చెప్పాను.

చిట్టి పేరు జాబితాలో లేదని తెలిసిన రోజున క్లాసు చాలాసేపు గొడవపడింది. ఆ మొదటి ఎన్నికల జాబితాలు తయారుచేసేటప్పుడు దాదాపు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో, ఫలానావారి తల్లిననో రాయించుకున్నారని, తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అలాంటి నమోదులను ఒప్పుకోకపోవడంతో వారి పేర్లు జాబితాలకెక్కలేదని చెప్పినప్పుడు, ఒక అమ్మాయి లేచి, "మరి ఆళ్ల పేర్లు ఆళ్లకు తెల్వదా టీచర్?" అని అడిగింది. తెలుసు, కానీ బయటివారి ముందు ఆడవాళ్లు పేరు చెప్పకూడదన్న ఆచారం ఉండేదని చెప్పాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, అమ్మ పేరు, అవ్వ పేరు ఓటరు గుర్తింపు కార్డులో ఎలా రాసి ఉందో చూసి రమ్మన్నాను. పదిహేడు మంది చూసి వచ్చారు. నలుగురి ఇళ్లలో పేరు తప్పుగా పడి ఉంది. ఇద్దరు తల్లులు ఆ వారంలోనే మా బూత్ లెవెల్ అధికారిని కలిసి సవరణ దరఖాస్తు ఇచ్చారు.

పల్లీపట్టీల అధ్యాయం గురించి దాపరికం లేకుండా చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదుకు మూలం అదేనని నాకు అర్థమైంది. అది చదివిన రోజున, కథ గురించి ఏమీ అడగకముందే ఒక పిల్లవాడు, "మా ఇంట్ల గూడ ఇచ్చిన్రు టీచర్" అన్నాడు. ఎవరిచ్చారో చెప్పవద్దని వెంటనే ఆపాను. ఊళ్లో పోటీ చేస్తున్నవారి పేరు గానీ, ఏ పార్టీ పేరు గానీ ఈ గదిలో పలకరాదన్నది మొదటి రోజే నల్లబల్ల మీద రాసిన నియమం. అప్పుడు మరో అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. "తీస్కొని వేరేటోళ్లకు ఓటేస్తే తప్పా టీచర్?" పెద్దలు ప్రతి ఎన్నికలోనూ ఒకరినొకరు అడుక్కునే ప్రశ్న ఇదే. నేను జవాబు చెప్పలేదు. రెండు పీరియడ్లు పిల్లలే వాదించుకున్నారు. తీసుకున్న పట్టీకి బదులు చెల్లించాలని కొందరు, పంచినవాడే తప్పు చేశాడు కాబట్టి మాట తప్పినా పాపం లేదని కొందరు అన్నారు. పట్టీలు కొన్న డబ్బు తిరిగి ఎక్కడి నుంచి వస్తుందో చూడాలని, బీరువాలోని పుస్తకాలు అమ్ముకుంటాడేమోనని ఒకడు అన్నాడు. ఓటు కోసం ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం లంచమేనని నేను చివర చెప్పింది ఒక్క మాట. ఆ రాత్రి కొన్ని ఇళ్లలో ఈ ప్రశ్న అన్నాల దగ్గర లేచింది. బడిలో రాజకీయాలు నేర్పుతున్నారని రెండు రోజుల్లో ఫిర్యాదు వెళ్లింది. నన్ను పిలిచి విచారించలేదు, నవలను తెప్పించుకుని చదవలేదు. ఫోనులో ఆపమన్నారు. నేను ఆపాను. నా తరగతిలో వేసుకోవలసిన ఓట్ల కోసం పిల్లలు అట్టపెట్టెకు గులాబీ కాగితం అంటించి చేసిన బ్యాలెట్ పెట్టె ఇప్పటికీ బీరువా పైన ఉంది.

ఈ నిర్ణయం వల్ల మామూలు ప్రజలకు, వారి పిల్లలకు కలిగే నష్టాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

1. ఎన్నికలను పిల్లలకు కనబడకుండా దాచడం ఎవరి తరమూ కాదు. మా బడే పోలింగ్ కేంద్రం. వాళ్లు రోజూ కూర్చునే బెంచీల మీద ఏజెంట్లు కూర్చున్నారు, వాళ్ల గదిలోనే సర్పంచ్‌కు గులాబీ, వార్డు సభ్యుడికి తెలుపు బ్యాలెట్లు పెట్టెల్లో పడ్డాయి, మధ్యాహ్నం నుంచి అక్కడే లెక్కింపు జరిగింది. ఎన్నికకు ముందు మూడు రాత్రులు వాళ్ల వాడకట్టులో ఏం పంచారో, ఎవరి ఇంటి ముందు ఎవరు తాగి పడిపోయారో వాళ్లు కళ్లారా చూశారు. సర్పంచ్ పదవిని వేలం పాటలో పాడుకున్న ఊళ్ల వార్తలు 2019లోనూ, 2025లోనూ పత్రికల్లో వచ్చాయి, పిల్లలూ విన్నారు. అంటే ఎన్నికల పాఠం వాళ్లకు ఎలాగూ అందుతున్నది. ఆ పాఠం చెప్పేది బడా, బెల్టు షాపా అన్నదే మన చేతిలో ఉన్న విషయం.

2. ఎన్నికల అక్షరాస్యత క్లబ్బులను ఎన్నికల సంఘం పాఠశాలల్లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఏర్పాటు చేసింది. అది మంచి పని, కానీ మా ఊరి పిల్లలు అందరూ తొమ్మిదో తరగతిదాకా చేరరు. ఐదో తరగతి అయ్యాక హైస్కూలు మరో ఊళ్లో ఉంటుంది. దారి దూరమని కొందరు ఆడపిల్లలు, తల్లిదండ్రుల వెంట వలస పోయి కొందరు మధ్యలోనే మానేస్తారు. ఓటు విలువ ఎక్కువగా తెలియవలసింది, ఓటును తక్కువకు అమ్ముకునే ఒత్తిడి ఎక్కువగా పడేది ఈ పిల్లల మీదే. వాళ్లు మన ముందు కూర్చునే ఐదేళ్లలో చెప్పకపోతే ఆ పాఠం వాళ్లకు ఏ బడిలోనూ దొరకదు.

3. ఎన్నికల ప్రచారంలో పిల్లలను వాడుకోరాదని కేంద్ర ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో రాజకీయ పార్టీలకు గట్టిగా ఆదేశాలిచ్చింది. పోస్టర్లు పంచడం, నినాదాలు ఇప్పించడం, ఊరేగింపుల్లో తిప్పడం వంటివాటిని అది నిషేధించింది. ఆ ఆదేశాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే దాని ఉద్దేశం పిల్లలను పార్టీల చేతికి చిక్కకుండా కాపాడటం, ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఉద్దేశం అభ్యర్థులను, పార్టీలను, అధికార యంత్రాంగాన్ని హద్దులో ఉంచడం. కల్పిత పాత్రల కథను తరగతి గదిలో చదవడం ఈ రెంటిలో దేని కిందికీ రాదు. జాగ్రత్త కోసం కోడ్ ఉన్న మూడు వారాలు ఆపమంటే నాకు అభ్యంతరం లేదు. కోడ్ పోయి నెలలు గడిచినా ఆపి ఉంచడానికి కారణం చెప్పకపోవడమే నా బాధ. ఒక మామూలు వాయిదా నిషేధంగా మారిందా లేదా అన్నది కూడా మాకు తెలియదు.

4. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఉపాధ్యాయులను బోధనేతర పనులకు పంపరాదంటూనే జనాభా లెక్కలకు, విపత్తు సహాయానికి, ఎన్నికల విధులకు మినహాయింపు ఇచ్చింది. ప్రిసైడింగ్ అధికారిగా నేను ఐదు ఎన్నికల్లో పనిచేశాను. తెల్లవారుజామున ఖాళీ పెట్టెను ఏజెంట్లకు చూపి సీలు వేశాను, చూపు ఆనని ముసలివారు సహాయకుల తోడుతో ఓటు వేసేలా చూశాను, రాత్రి రెండింటిదాకా రిసెప్షన్ కేంద్రంలో సామాగ్రి అప్పగించాను. ఇంతటి బాధ్యతకు నమ్మదగిన మనిషిగా ప్రభుత్వం నన్ను ఎంచుకుంది. ఆ పని ఎలా జరుగుతుందో పదేళ్ల పిల్లలకు చెప్పడానికి మాత్రం నేను నమ్మదగినదాన్ని కాకపోవడం నన్నే కాదు, ఎన్నికల విధులు చేసే ఉపాధ్యాయులందరినీ నొప్పించే విషయం.

5. చదువు విషయానికి వస్తే, ప్రాథమిక బడుల్లో చదవడం, రాయడం, లెక్కలు అన్న మౌలిక సామర్థ్యాల కోసం 2021లో దేశమంతటా నిపుణ్ భారత్, 2022లో మన తెలంగాణలో తొలిమెట్టు అన్న కార్యక్రమాలు వచ్చాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో పిల్లలు ఒక పుస్తకం చదివి తమ స్పందన రాయవలసి ఉంటుంది. వాళ్లకు దొరికేవి ఎక్కువగా ఎనిమిది పేజీల బొమ్మల పుస్తకాలే. ఆపకుండా ముందుకు సాగే పొడవైన కథను వారాల తరబడి చదవడం, ఆరో అధ్యాయంలో జరిగినదానికి రెండో అధ్యాయంలో ఉన్న కారణాన్ని గుర్తుపట్టడం, నచ్చని పాత్ర పక్షాన నిలబడి మాట్లాడటం నవల ఇచ్చే శిక్షణ. తెలుగులో పిల్లల నవలలు లేకపోలేదు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ కలిసి పోటీలు పెట్టి రాయించి అచ్చువేసినవి ఉన్నాయి. అవి ప్రభుత్వ ప్రాథమిక బడి బీరువాదాకా రావడం అరుదు.

6. పెద్ద ఎన్నికల్లో మన పరిస్థితి ఏమిటో మీకు నాకన్నా బాగా తెలుసు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో సగం మంది ఓటర్లు కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవంనాడు ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటోలు పంపితే ఇది మారదు. ఓటు వేయని ఇంట్లో పెరిగిన బిడ్డకు ఓటు ఎందుకు వేయాలో తెలిసేది ఒక ప్రతిజ్ఞ చదివినప్పుడు కాదు, జాబితాలో తన పేరు లేదని చిట్టి ఏడ్చినప్పుడు.

ఈ పని వల్ల ఏ ఒక్క పార్టీకైనా మేలు జరిగే ప్రమాదం ఉందన్న అనుమానాన్ని నేను తేలికగా తీసిపారేయను. ఉపాధ్యాయులూ ఓటర్లే, మాకూ ఇష్టాయిష్టాలు ఉంటాయి, సంఘాలు ఉన్నాయి. అందుకే నేను వార్తాపత్రికను గానీ నాయకుల ఉపన్యాసాలను గానీ పాఠంగా తీసుకోకుండా కథను ఎంచుకున్నాను. శివుడు, యాదమ్మ, రఫీ ఏ ఊరివారూ కారు. వాళ్ల మంచిచెడ్డలు వాదించడానికి పిల్లలు ఇంట్లో ఎవరి పక్షమూ వదులుకోనక్కరలేదు. ఉపాధ్యాయుడి మొగ్గు నుంచి పిల్లలను కాపాడేది కూడా కథే, ఎందుకంటే కథలో ఏం రాసి ఉందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

కాబట్టి నేను, నాతో ఏకీభవించే తోటి ఉపాధ్యాయులు, మా బడి పిల్లల తల్లిదండ్రులు కొందరు కలిసి మిమ్మల్ని కోరేది ఇది.

1. ఎన్నికల ప్రక్రియను కథల ద్వారా, తరగతి ఎన్నికల ద్వారా ప్రాథమిక స్థాయిలో నేర్పడానికి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో ఏది చేయవచ్చో, ఏది చేయరాదో అందులోనే స్పష్టంగా రాయాలి. ఇకమీదట ఏ పాఠాన్నైనా ఆపవలసి వస్తే కాగితం మీద, కారణంతో, గడువుతో ఆపాలి.

2. నా నవలను ఒక నిపుణుల బృందానికి పంపి చదివించండి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. దానినే అచ్చువేసి బడులకు పంచమని నేను అడగడం లేదు. ఎన్నికల నేపథ్యంతో పిల్లల నవలలు రాయమని రచయితలను, ఉపాధ్యాయులను బహిరంగంగా ఆహ్వానించి, ఎంపికైన రెండు మూడింటిని ప్రతి ప్రాథమిక బడికీ కనీసం పది ప్రతుల చొప్పున ఇవ్వాలి. ఒకటే ప్రతి వస్తే అది బీరువాలోనే ఉండిపోతుంది. ఉర్దూ మాధ్యమ బడులకు, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలున్న బడులకు వాళ్ల భాషలో ఏర్పాటు ఉండాలి.

3. నాలుగు, ఐదు తరగతులకు ఏడాదికి ఒకసారి నామినేషన్ నుంచి లెక్కింపుదాకా తరగతి ఎన్నిక జరపాలి. గెలిచినవారికి నిజమైన పని అప్పగించాలి. గ్రంథాలయ బీరువా తాళం, తాగునీటి తొట్టి శుభ్రత, మధ్యాహ్న భోజనంలో వరుస వంటివి చాలు. అధికారం లేని నాయకుణ్ణి ఎన్నుకోమంటే పిల్లలు అది ఆటేనని వెంటనే పసిగడతారు.

4. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. చాలాచోట్ల ఆ సభ్యుల పేర్లు ఒక పూటలో కాగితం మీద రాసి ముగిస్తారు. తల్లిదండ్రులు నిజంగా ఎన్నుకునే రోజును ముందే ప్రకటించి, ఐదో తరగతి పిల్లలను అక్కడ కూర్చోబెట్టి చూడనివ్వాలి.

5. ఇటుక బట్టీల్లో, కాంట్రాక్టు పనుల్లో ఉన్న వలస కుటుంబాల పిల్లల పేర్లు హాజరు పట్టీలోకి ఎక్కేలా, ఏటా పనుల సీజను మొదలైన వెంటనే ప్రతి మండలంలో నమోదు జరపాలి. ఇది నా విషయానికి దూరమని మీకు అనిపించవచ్చు. చిట్టి కథ చదివిన మా పిల్లలు మాత్రం వినతిపత్రంలో మొదట రాయమన్నది దీన్నే.

మొదటి కోరికకు మాత్రం గడువు పెట్టి అడుగుతున్నాను. ఏప్రిల్‌లో బడి ముగిసి, మా ఐదో తరగతి పిల్లలు పదమూడు మంది వేర్వేరు ఊళ్ల హైస్కూళ్లకు వెళ్లిపోతారు. ఆ తరువాత ఈ పదమూడు మంది ఒకే గదిలో మళ్లీ కూర్చోరు. మిగిలినవి మూడు అధ్యాయాలు, రెండు వారాల పని. ప్రతి మంగళవారం చివరి గంట కొట్టేముందు ఎవరో ఒకరు, "ఎవరు గెల్సిన్రు టీచర్?" అని అడుగుతూనే ఉన్నారు. నేను చెప్పడం లేదు, ఈ లేఖలోనూ రాయడం లేదు, ఎందుకంటే ఆ ఫలితాన్ని ముందుగా తెలుసుకోవలసింది పిల్లలే. మార్చి నెలాఖరులోగా మీ రాతపూర్వక జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
విధేయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా